పుల్ల కింద పడకూడదు

పెద్దల్లుడికి లోకంలో చాలామంది పనికిమాలినవాళ్లుగానే కనిపించేవాళ్లు. కొలత టేపు వంకరగా పట్టుకునేవాళ్లు, టీ జుర్రుమని చప్పుడు చేస్తూ తాగేవాళ్లు, అడిగినదానికి కాకుండా అడగనిదానికి జవాబు చెప్పేవాళ్లు, ఇలా ఒక్కొక్క రకానికి ఆయన మనసులో ఒక్కొక్క అర ఉండేది. అన్నిటికీ పైన, విడిగా ఇంకో అర ఉండేది. అందులో ఒక్కడే మనిషి. తన భార్య చెల్లెలి మొగుడు. అంటే సాక్షాత్తూ తోడల్లుడు.

అద్దాల దుకాణంలో వాళ్లిద్దరినీ పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలిచేవాళ్లు. ఎవరికి అల్లుళ్లంటే, ఆ దుకాణంలోనే జీవితమంతా గాజు పలకలు మోసిన ఒక ముసలాయనకి. ఆయనకి మగపిల్లలు లేరు. కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లు చేసి, అల్లుళ్లిద్దరినీ తన చోటికే తెచ్చి, ఒకే పలకకి ముందొకర్నీ వెనకొకర్నీ నిలబెట్టి, ఇక మీరిద్దరూ జత అన్నాడు. కొన్నాళ్లకి పోయాడు. మాట మాత్రం పోలేదు. ఎందుకంటే ఆ దుకాణంలో జత వేశాక మార్చరు. మనిషి బరువు కంటే పెద్దదైన గాజు పలకని నిలువుగా పట్టుకుని ఇద్దరు నడవాలంటే ఒకడి నడక ఇంకొకడి ఒంట్లోకి ఇంకాలి. అది ఇంకడానికి ఏళ్లు పడుతుంది. పెళ్లికైనా విడాకులున్నాయి గానీ గాజు జతకి లేవని అక్కడ సామెతలాంటి మాట.

వెనక నడిచేవాడు అడుగు చెప్పాలి, ముందున్నవాడు ఊ కొట్టాలి. మిగిలిన జతలన్నీ అలాగే వెళ్లేవి, "గడప", "ఊ", "పక్కకి", "ఊ" అనుకుంటూ. ఈ జత మాత్రం ఒక్క మాట లేకుండా వెళ్లేది. ముందు చిన్నల్లుడు, వెనక పెద్దల్లుడు, మధ్యలో మెరుస్తూ పలక. కొత్తగా చేరినవాళ్లని పిలిచి మరీ చూపించేవాళ్లు. "చూడండ్రా, తోడల్లుళ్లంటే ఇలా ఉండాలి. నోరు విప్పకుండానే ఒకరి మనసు ఒకరికి తెలిసిపోతుంది."

ఆ మాట విన్నప్పుడల్లా పెద్దల్లుడు చొక్కా అంచు లాక్కునేవాడు. నోరు విప్పకపోవడానికి కారణం మనసులు కలవడం కాదు. వాడితో మాట్లాడటం ఇష్టం లేకపోవడం. అంతే.

ఎందుకు ఇష్టం లేదని ఎవరైనా అడిగితే ఒక్క కారణం చెప్పడం ఆయన వల్ల అయ్యేది కాదు. సముద్రం ఎందుకు ఉప్పగా ఉందంటే ఏ చుక్కని చూపిస్తాం? వాడు పొట్టి. వాడితో సమానంగా పలక ఎత్తాలంటే తన మోకాళ్లు వంచాలి. వాడికి నుదుటి మీద పడే జుట్టొకటి, దాన్ని నిమిషానికోసారి వెనక్కి తోసుకోకపోతే ఊపిరాడదు. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగలేడు, చివరి ముక్క తనే అందుకుంటాడు. నవ్వితే నోట్లో సగమే నవ్వుతుంది. పలక మోసుకుంటూ వెనక గుమ్మం దగ్గరికి రాగానే ప్రతిసారీ అర క్షణం ఆగుతాడు. పక్కనే ఆఫీసుగది కిటికీ ఉంది, అందులో తన జుట్టు చూసుకోవడానికే ఆగుతాడని పెద్దల్లుడి గట్టి నమ్మకం. వీటన్నిటినీ మించి, అందరినీ నువ్వు అనేవాడు తనని మాత్రం "మీరు" అంటాడు. ఆ "మీరు" చెవిన పడ్డప్పుడల్లా పెద్దల్లుడికి పట్టుగుడ్డలో చుట్టిన చెప్పు వీపున తగిలినట్టుండేది.

ఇదంతా ఆయన ఇంటికెళ్లి రోజూ భార్యకి చెప్పేవాడు. ఒకనాడు ఆవిడ బట్టలు మడతపెడుతూ, "మా చెల్లెలి మొగుడి గురించి మీరు చెప్పినంత, కొత్తగా పెళ్లయినప్పుడు నా గురించి కూడా చెప్పలేదు" అంది. పెద్దల్లుడు నొచ్చుకుని అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఆవిడ ఆ సగం మీద మూతపెట్టి, ఆకలేసి ఆయన తిరిగొచ్చేదాకా చెల్లెలితో ఫోన్లో నవ్వుతూ కూర్చుంది.

జత మార్చమని దుకాణం ఓనరమ్మని ఆయన అడగని ఏడాది లేదు. ఓనరమ్మ కొలతల మనిషి. నవ్వినా కొలిచినట్టే నవ్వేది. "మీ మామగారు వేసిన జతని నేను విడదీయను" అని ప్రతి ఏడాదీ అదే మాట చెప్పి పంపేసేది.

అలా ఉండగా ఒకరోజు వేరే జత వాళ్లు బజారు నడిబొడ్డున నిలువుటద్దం పగలగొట్టారు. ముందున్నవాడు స్కూటరు హారను విని తల తిప్పాడు, వెనకున్నవాడు వాడు తల తిప్పడం చూడలేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ ఓనరమ్మకి మాత్రం గుండెల్లో గాజుపెంకు దిగినట్టయింది. ఊరి మధ్య కొత్తగా కడుతున్న బట్టల షోరూం ముందు భాగానికి గోడంత పలక ఒకటి రాబోతోంది. ఒప్పుకున్న పని. అది గనక ఇలా అయితే దుకాణం పేరు పలకతోపాటు ముక్కలవుతుంది.

మర్నాడు ఆవిడ పెద్దల్లుణ్ని గదిలోకి పిలిచి, పగిలింది చేతిలో బలం లేక కాదు, ధ్యాస లేక అని మొదలుపెట్టింది. ఇద్దరిద్దరు ఆడే చిన్న చిన్న ఆటలు కావాలట. ఒకరి మీద ఒకరికి ధ్యాస నిలవాలట, కాలూ చెయ్యీ కలవాలట, కొనాల్సింది ఏమీ ఉండకూడదట. పొద్దున్నే పలక ఎత్తేముందు కాసేపు ఆడించాలి. అందరికంటే పాతవాడు కాబట్టి ఆ ఆటలు పెద్దల్లుడే కనిపెట్టాలి.

పెద్దల్లుడికి చిర్రెత్తింది. గడ్డం నెరిసిన మగాళ్లు పొద్దున్నే తొక్కుడుబిళ్ల ఆడాలా? చెప్పబోయాడు. ఈలోగా ఆవిడ ఇంకో మాట అంది.

"ఆటలో కుదరని జతని పనిలోనూ ఉంచను, విడదీసేస్తాను. అప్పుడిక ఎవరి మామగారి మాటా చూడను."

పెద్దల్లుడు నోరు మూసుకుని, సరేనని తలూపి బయటికొచ్చాడు. నడకలో ఏదో కొత్త హుషారు. వాడు ఓడిపోయే ఆట ఒక్కటి కనిపెడితే చాలు, మామగారి ముడి తెగుతుంది. వాడు ఎక్కడెక్కడ ఓడిపోతాడో ఈ భూమ్మీద తనకంటే బాగా తెలిసినవాడు ఎవడున్నాడు?

చిక్కల్లా ఒక్కటే. జత విడిపోవాలంటే జత ఓడాలి, కానీ ఓడినవాడు తను కాకూడదు. ఆ సగంనవ్వు ముందు తను తడబడటం కంటే చచ్చేదాకా కలిసి మోయడమే నయం.

మొదటి ఆట జుట్టుని దృష్టిలో పెట్టుకుని తయారైంది. పలకల పెట్టె నుంచి ఊడిన సన్నటి పుల్ల ఒకటి తీసుకున్నాడు. దాని ఒక కొన ఒకడి చూపుడువేలి మీద, రెండో కొన ఇంకొకడి చూపుడువేలి మీద. పట్టుకోకూడదు, ఒత్తిడితోనే ఆపాలి. రెండో చెయ్యి వెనక్కి. అలా పలకలు ఆనించిన స్టాండ్ల మధ్య నుంచి నడిచి, వెనక గుమ్మం దాటి, వాకిలి చుట్టి రావాలి. పుల్ల కింద పడకూడదు. చెప్పడానికి ఇంతే. మొదటి పూట మిగిలిన జతలన్నీ నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయాయి. ఒకడు తోస్తే ఇంకొకడు వదిలేస్తాడు, ఇద్దరూ తోస్తే పుల్ల విల్లులా వంగి ఎగురుతుంది. నవ్వులే నవ్వులు.

తోడల్లుళ్ల వంతు వచ్చింది. పెద్దల్లుడు పుల్ల వైపు చూడనే లేదు, చిన్నల్లుడి నుదుటి వైపు చూశాడు. జుట్టు జారుతోంది. ఇంకాస్త. ఇంకాస్త. కంటి మీద పడింది. ఇప్పుడు చెయ్యి లేస్తుంది, పుల్ల పడుతుంది. చిన్నల్లుడు కింది పెదవి ముందుకి చాచి ఉఫ్ మని ఊదాడు. జుట్టు ఎగిరి వెనక్కి పడింది. పుల్ల ఉన్నచోటే ఉంది. గుమ్మం ముందు వాడు అలవాటు ప్రకారం అర క్షణం ఆగాడు, అక్కడైనా పడుతుందనుకుంటే పెద్దల్లుడి కాళ్లు ఆయన్ని అడక్కుండానే ఆగిపోయాయి. వాకిలి చుట్టేసి తిరిగొచ్చారు. అందరూ చప్పట్లు కొడుతుంటే పెద్దల్లుడి మొహం ఆముదం తాగినట్టుంది.

రెండో ఆట మాటలది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకటి, రెండు, మూడు వంతులవారీగా చెప్పాలి. కుదిరాక రెండు అనకుండా కాలు నేలకి కొట్టాలి. అదీ కుదిరాక మూడు అనకుండా ఊరుకోవాలి, కానీ ఆ ఊరుకోవడం ఎంతసేపో ఇద్దరికీ తెలియాలి. ఎదుటివాడి మాట మధ్యలో దూరేవాడు ఇందులో నిలబడగలడా? నిలబడ్డాడు. పెద్దల్లుడు ఒకటి అనడానికి నోరు తెరుస్తుండగానే వాడి కాలు లేచి ఉండేది, ఆయన నోరు మూసేసరికి సరిగ్గా నేలకి తగిలేది. వాడి తప్పు కోసం కాచుకుని ఆయనా, ఆయన తప్పు కోసం కాచుకుని వాడూ. వచ్చిన టీ చల్లారింది. ఓనరమ్మ గదిలోంచి వచ్చి ఇక చాలు ఆపమనేదాకా ఇద్దరిలో ఒక్కడూ తప్పలేదు.

మూడోది పాత దుప్పటితో. నాలుగు చెంగులూ ఇద్దరూ పట్టుకుని మధ్యలో గోళీ వెయ్యాలి. చూసేవాళ్లు ఏ మూల అంటే గోళీ ఆ మూలకి పోయి ఆగాలి, మాటలుండకూడదు. ఇది వాడి పొట్టిదనం మీద వేసిన వల. దుప్పటి ఎప్పుడూ వాడి వైపే వాలుతుంది కదా, గోళీ పోయి వాడి కాళ్ల మీదే పడుతుంది. కానీ దుప్పటి బల్లలా నిలబడింది. ఎందుకు నిలబడిందా అని పెద్దల్లుడు కిందికి చూసుకుంటే, తన మోకాళ్లు వాటంతటవే వంగి ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్యతో, "వాడి పుణ్యమా అని నా మోకాళ్లు కూడా నా మాట వినడం మానేశాయి" అన్నాడు. ఆవిడ నూనె గిన్నె ఆయన చేతికిచ్చి, రాసుకోమని చెప్పి, ఫోను తీసుకుని బయట మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి అటు నుంచి నవ్వు వినిపించింది.

నాలుగో ఆటకి ఆయన అన్నం నీళ్లు మానేసినంత పని చేశాడు. చివరికి ఎదురుగా ఉన్నదే కనిపించింది. గాజు లేని ఖాళీ అద్దం చట్రం ఒకటి నిలబెట్టాడు. దానికి అటొకడు, ఇటొకడు. ఒకడు మనిషి, ఇంకొకడు వాడి ప్రతిబింబం. మనిషి ఏం చేస్తే ప్రతిబింబం అదే, అదే క్షణంలో చెయ్యాలి. ఆలస్యమైతే ఓటమి. పెద్దల్లుడు మనిషి, చిన్నల్లుడు ప్రతిబింబం. ఇష్టమొచ్చినట్టు చెయ్యి విసురుతాను, వాడు తెల్లమొహం వేస్తాడు అనుకున్నాడు.

కుడిచెయ్యి ఎత్తాడు. అటు చెయ్యి లేచింది. గభాలున వంగాడు. అటు వాడూ వంగాడు. పక్కకి చూశాడు, ముక్కు ఎగబీల్చాడు, చొక్కా అంచు లాక్కున్నాడు. అప్పుడు మొదలైంది నవ్వు. ముందు ఎవరో ఆపుకోలేక ఖళ్లుమన్నారు, తర్వాత దుకాణమంతా. పెద్దల్లుడికి అర్థం కాలేదు. చట్రంలోకి చూస్తే అక్కడ నిలబడ్డది చిన్నల్లుడు కాదు. కనుబొమ్మలు పైకి లాగి, గడ్డం కాస్త ఎత్తి, లోకమంతా తన దగ్గర అప్పు చేసి ఎగ్గొట్టినట్టు చూస్తున్న ఒక ముసిలి గద్ద. చొక్కా అంచు లాక్కునేటప్పుడు చిటికెనవేలు విడిగా నిలబడుతోంది. ఊపిరి తీసుకునే ముందు ముక్కు ఒక్కసారి అదురుతోంది. తనకలాంటి వేలూ, అలాంటి ముక్కూ ఉన్నాయని అంతవరకూ ఆయనకి తెలియదు. దిమ్మెరపోయి నిలబడ్డాడు. అటువాడూ దిమ్మెరపోయి నిలబడ్డాడు, సరిగ్గా అంతే.

"ఇప్పుడు నువ్వు మనిషివి," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"మీ ఇష్టం అన్నయ్యా."

పెద్దల్లుడు ప్రతిబింబమయ్యాడు. వాడి చెయ్యి లేస్తుండగానే లేని జుట్టు వెనక్కి తోసుకున్నాడు. నోట్లో సగంతో నవ్వాడు. అడగని మాటకి తలూపాడు. వాడు కదలబోయి ఆగితే, గుమ్మం దగ్గర ఆగినట్టు అర క్షణం ఆగి, లేని కిటికీలో తన అందం చూసుకున్నాడు. దుకాణం పొట్టలు పట్టుకుంది. చట్రానికి అవతల చిన్నల్లుడి మొహంలో సగంనవ్వు ఒక్క క్షణం ఆరిపోవడం చూసి పెద్దల్లుడికి ఏళ్ల తరబడి లేని తృప్తి కలిగింది. అయితే ఆ ఆరిపోవడం కూడా ఆయన మొహం మీద అదే క్షణంలో వచ్చేసింది. ఆట ఆట కదా.

ఓనరమ్మ గోడకి ఆనుకుని అంతా చూసింది. కొలవకుండా నవ్విన నవ్వు ఆ రోజే అంతా చూశారు. కళ్లు తుడుచుకుని, ఒక్క ఆటలోనూ తప్పని జత ఇదొక్కటే కాబట్టి షోరూం పలక వీళ్లిద్దరే మొయ్యాలని చెప్పేసింది. అందరూ వీపులు తట్టారు. తవ్విన గోతిలోకి తనే దిగి, పైగా దండ వేయించుకున్నట్టయింది పెద్దల్లుడికి.

గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆటలు గెలిచినా ఓడినా తను వాడితో ఇక మోయలేనన్నాడు. అంత బాగా కుదిరాక విడిపోవడమేమిటని ఆవిడ ఆశ్చర్యపోయింది.

"కుదరడం వేరు, గిట్టడం వేరు మేడం," అన్నాడు.

ఆవిడ చేతిలోని కొలత టేపు చుట్టి పక్కన పెట్టింది. ఆటలు కనిపెట్టింది మీరు కాబట్టి ఈసారికి మీ మాటే వింటానంది. నచ్చినవాణ్ని తీసుకోమంది. కానీ షోరూం పలక ఏ జత మోస్తుందో కూడా ఆయనే తేల్చాలి, దానికేమైనా అయితే జవాబు ఆయనదే. పెద్దల్లుడు రెక్కలొచ్చినట్టు బయటపడ్డాడు. సంగతి తెలిసి చిన్నల్లుడు ఒక్కటే మాట అన్నాడు, శుభం అని. అని దువ్వెన తీశాడు.

పెద్దల్లుడు ఎంచుకున్నవాణ్ని దుకాణంలో అలాగేగాడు అనేవాళ్లు. ఏం చెప్పినా "అలాగే అన్నా" అనడమే తప్ప ఇంకో మాట రాదు వాడికి. పొడుగరి, బలమైనవాడు, మర్యాదస్తుడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటాడు. పెద్దల్లుడు మోకాళ్లు చాచి నిలబడి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ముందు పుల్ల ఆట. పుల్ల రెండో అడుగులోనే పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. వాడు పుల్లనీ చూడడు, వేలినీ చూడడు, పెద్దల్లుడి మొహం చూస్తాడు, అన్నకి కోపం వచ్చిందా లేదా అని. "నా మొహంలో ఏముందిరా, చేతిని చూడు," అంటే "అలాగే అన్నా" అని మళ్లీ మొహమే చూస్తాడు. లెక్కల ఆటలో పెద్దల్లుడు ఒకటి అంటే వాడు గౌరవంగా కాసేపు ఆగి, అన్న చెప్పడం పూర్తయిందని నమ్మకం కలిగాక కాలు కొట్టేవాడు. వాడి దృష్టిలో పెద్దల్లుడు చేసే తప్పంటూ ఏదీ లేదు. అలాంటివాడు తప్పు కోసం ఎందుకు చూస్తాడు? పెద్దల్లుడికి కొత్తగా ఒకరకమైన చలి వేసింది. ఇంతమందిలో తనని ఎవరూ చూడటం లేదు.

ఆటలు పోతే పోనీ, పని వేరు అనుకుని, ఒక మోస్తరు పలక ఎత్తారు. ముందు అలాగేగాడు, వెనక తను. స్టాండ్ల మధ్య బాగానే వెళ్లారు. వెనక గుమ్మం వచ్చింది. అలాగేగాడు ఆగకుండా సాగిపోయాడు. ఎందుకు ఆగుతాడు, వాడికి జుట్టు చూసుకునే పాడలవాటు లేదు కదా. మరుక్షణం పెద్దల్లుడి చేతుల్లో పలక ఒక్కసారి బరువెక్కింది, వెనక మూల గడపకి తగిలింది. టక్ మని చిన్న చప్పుడు. దించి చూస్తే మూల దగ్గర గోరంత పెచ్చు లేచిపోయి ఉంది. "నా తప్పే అన్నా," అన్నాడు అలాగేగాడు. ఏం తప్పు చేశాడో వాడికే తెలియదు.

వాకిట్లో కొత్త జతగాడితో నిలబడ్డ చిన్నల్లుడు చేతులు దులుపుకుని దగ్గరికొచ్చాడు. ఎవరూ అడక్కుండానే నేరుగా మాట్లాడాడు.

"గుమ్మం దగ్గర మీ ఎడమ చెయ్యి దిగుతుంది."

"నాదా?"

"కుడికాలు గడప మీద పెట్టబోయే ముందు. ఎప్పుడూ దిగుతుంది. అక్కడ అర క్షణం ఆగితే సర్దుకుంటారు. ఆగకపోతే ఇదిగో, ఇలా."

పెద్దల్లుడు గుమ్మం వైపు చూశాడు, పక్కనున్న కిటికీ వైపు చూశాడు, మళ్లీ గుమ్మం వైపు చూశాడు. "నువ్వు ఆగేది జుట్టు కోసం కదా?"

"జుట్టు కోసం ఇంట్లో అద్దం లేదా నాకు?" చిన్నల్లుడి నోట్లో సగం నవ్వింది. "దయతో ఆగాననుకునేరు. పలక పగిలితే మీతోపాటు నా పేరూ పోతుందని ఆగాను. మీ చెయ్యి దిగడం చూసి రోజూ నవ్వుకునేవాణ్ని. ఇంటికెళ్లి మా ఆవిడకి చేసి చూపించేవాణ్ని కూడా."

"నీ పొట్టికి నా మోకాళ్లు వంగుతున్నాయి, అది తెలుసా?"

"తెలియకేం. అది కూడా చేసి చూపించాను."

ఫోన్లో, మెట్ల మీదా విన్న తన భార్య నవ్వులన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో పెద్దల్లుడికి అప్పుడు తెలిసింది. అక్కాచెల్లెళ్లు ఇద్దరు మొగుళ్లనీ ఇన్నేళ్లుగా ఫోన్లో ఎదురెదురుగా నిలబెట్టి చూసుకుంటున్నారన్నమాట.

షోరూం పలక వచ్చిన రోజు దాన్ని వాకిట్లో చెక్కల మధ్య నిలబెట్టారు. ఆకాశం మొత్తం అందులో పట్టింది. జత పేరు చెప్పమని ఓనరమ్మ అడిగింది. రమ్మని చిన్నల్లుణ్ని పిలవాలంటే పెద్దల్లుడికి నాలుక తిరగడం లేదు. నువ్వు కావాలి అనే మాట ఆయన జీవితంలో కట్టుకున్న ఆవిడతోనే అనలేదు, ఈ సగంనవ్వుగాడితో అంటాడా? జేబులోంచి పుల్ల తీశాడు. ఎడమ చూపుడువేలి కొన మీద ఆనించి, రెండో కొనకి ఇంకో చేత్తో ఆసరా ఇచ్చి, చెయ్యి ముందుకి చాచి నిలబడ్డాడు.

అందరికీ ఒక్కసారిగా ఏదో పని గుర్తొచ్చింది. ఒకడు ఊడ్చిన చోటే ఊడ్చాడు. చిన్నల్లుడు మంచినీళ్లు తాగాడు. చేతితొడుగులు తొడుక్కున్నాడు, విప్పి మళ్లీ తొడుక్కున్నాడు. దువ్వెన తీసి తాపీగా దువ్వుకున్నాడు. పెద్దల్లుడి చెయ్యి నొప్పెట్టింది. దించితే పరువు పోతుంది, దించకపోయినా పోతూనే ఉంది. ఎడమ చెయ్యి నిజంగానే దిగుతోందని అప్పుడు తనే గమనించాడు.

చివరికి వాడొచ్చి, తొడుగు తీసి, పుల్ల రెండో కొనకి వేలు ఆనించాడు.

"ఈసారి ఆట నాది. మీరు కళ్లు మూసుకోవాలి."

"పడేస్తావు."

"మీ కోసం నా పేరు పోగొట్టుకునేంత ఇష్టం మీ మీద నాకు లేదు అన్నయ్యా."

ఆ మాటలో అబద్ధం లేదు. పెద్దల్లుడు కళ్లు మూసుకున్నాడు. పుల్ల కదిలింది, ఆయన కదిలాడు. కళ్లు మూసుకున్నా వాడు కనిపిస్తూనే ఉన్నాడు. వేలి కొన మీద సన్నగా అదిరితే జుట్టు ఊదుకున్నాడన్నమాట. ఒత్తిడి కాస్త పక్కకి జరిగితే స్టాండు మూల దాటుతున్నారన్నమాట. ఒకచోట పుల్ల నిలిచిపోయింది. గుమ్మం. పెద్దల్లుడు ఎడమ చెయ్యి సర్దుకున్నాడు, పుల్ల మళ్లీ కదిలింది. వెధవ, అనుకున్నాడు. గాఢంగా, కడుపు నిండా అనుకున్నాడు. అవతలి కొన నుంచి అదే మాట తనకి చేరుతున్నట్టు అనిపించింది. వాకిలి చుట్టి వచ్చి కళ్లు తెరిచేసరికి పుల్ల ఉన్నచోటే ఉంది.

పలక ఆ పూటే షోరూముకి చేరింది. బజారులో హారన్లు మోగాయి, ఎవడో ఫోటో తీశాడు, ఒక కుక్క కాళ్ల మధ్య నుంచి పరిగెత్తింది. మాట లేకుండా వెళ్లారు, మాట లేకుండా నిలబెట్టారు. ఓనరమ్మ గాజు మీద చెయ్యి వేసి, ఈ జత రహస్యమేమిటో మిగిలినవాళ్లకి కూడా నేర్పమంది. దుకాణంలో జతలన్నీ కొత్తగా వెయ్యమని ఆయనకే అప్పగించింది.

పెద్దల్లుడు ఈసారి ఆట కనిపెట్టలేదు. ఒక్కొక్కణ్ని పక్కకి పిలిచి ఒకే ప్రశ్న అడిగాడు, ఈ దుకాణంలో నీకు ఎవడంటే ఒళ్లు మండుతుంది, ఎందుకు అని. ముందు అందరూ నసిగారు. తర్వాత ఒకడు, ఫలానావాడు తాళ్లు చుట్టేటప్పుడు నాలుక బయటపెడతాడన్నాడు. ఇంకొకడు, ఫలానావాడి ఎడమ చెప్పు మడమ కుడిదాని కంటే ముందు అరుగుతుందన్నాడు. అలా చెప్పగలిగినవాణ్ని తీసుకెళ్లి ఆ ఫలానావాడి పక్కనే నిలబెట్టి, చేతికి పుల్ల ఇచ్చాడు. తిట్టుకున్నారు, శాపనార్థాలు పెట్టుకున్నారు. పుల్లలు మాత్రం పడలేదు.

అలాగేగాడు, నాకు అందరూ మంచివాళ్లే అన్నా, అన్నాడు. వాణ్ని పెట్టెలకి మేకులు కొట్టే పనికి పంపాడు.

చిన్నల్లుణ్ని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే జవాబు పూర్తయ్యేసరికి పొద్దుగూకేది. అయినా వాడు అడగకుండానే వచ్చి, కొత్త జతలని చూస్తూ పక్కన నిలబడి, నుదుటి మీది జుట్టు ఊదుకున్నాడు.

"మనుషుల్ని బాగానే కనిపెట్టారు అన్నయ్యా," అన్నాడు. "చొక్కా అంచు మాత్రం మళ్లీ లాక్కుంటున్నారు. చిటికెనవేలు చూసుకోండి."

పెద్దల్లుడు చూసుకున్నాడు. విడిగానే నిలబడి ఉంది.